చారిత్రక కట్టడాలు ఎవరి అమానత్?

మన రాష్ట్రాల్లో ఏ పాత కోటకు వెళ్లినా, ఏ పురాతన మసీదు ముందు నిలిచినా, సాధారణంగా ఒక నీలిరంగు బోర్డు కనిపిస్తుంది. ఇది రక్షిత కట్టడమనీ, దీనికి హాని చేసినవారికి రెండేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, లేదా రెండూ గానీ విధిస్తారనీ ఆ బోర్డు హెచ్చరిస్తుంది. బోర్డు మీది అక్షరాలు చదివి తలెత్తి చూస్తే గోడ సందుల్లో రావి మొక్క మొలిచి ఉంటుంది. గచ్చు పెచ్చులూడి ఉంటుంది. సందర్శకులు తమ పేర్లను రాళ్ల మీద చెక్కి పోయి ఉంటారు. హెచ్చరించే బోర్డు ఉంది, కాపలా కాసే మనిషి లేడు. చట్టం ఉంది, దాన్ని అమలు జరిపే చెయ్యి కనిపించదు. చారిత్రక స్థలాల పరిరక్షణలో ప్రభుత్వ శాఖల పాత్ర ఏమిటి, వాటి నుంచి మనం ఏం కోరాలి, మన వంతు బాధ్యత ఏమిటి అన్న విషయాలను ఈ వారం పాఠకుల ముందు ఉంచదలిచాం.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఈ పని ప్రభుత్వం చేయకపోతే మరెవరూ పూర్తిగా చేయలేరు. నాలుగు వందల ఏళ్ల నాటి గుంబద్‌ను నిలబెట్టడం ఒక కుటుంబం వల్ల గానీ, ఒక మొహల్లా చందాల వల్ల గానీ అయ్యే పని కాదు. దానికి భూమి మీద అధికారం కావాలి, ఏటా నిధులు కావాలి, నిపుణులు కావాలి, ఆక్రమణదారుణ్ని ఆపగల చట్టం కావాలి. ఈ నాలుగూ ఒకేచోట ఉండేది ప్రభుత్వం దగ్గరే. అందుకే మన రాజ్యాంగం 49వ అధికరణంలో జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలను కాపాడే బాధ్యతను ప్రభుత్వంపై మోపింది. అయితే అదే రాజ్యాంగం 51ఎ అధికరణంలో మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి పరిరక్షించడం ప్రతి పౌరుని విధి అని కూడా చెప్పింది. కనుక ఇది ఒక్క సర్కారు పని అనుకుని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

ఈ వ్యవస్థ నిన్న మొన్న పుట్టింది కాదు. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ 1861లో ఏర్పడింది. 1904లో, లార్డ్ కర్జన్ కాలంలో, పురాతన కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చింది. హైదరాబాద్ సంస్థానం 1914లో తన సొంత పురావస్తు శాఖను ఏర్పాటు చేసుకుంది. దానికి తొలి డైరెక్టర్ గులాం యజ్దానీ. ఈ పేరు నేటి మన పిల్లల్లో ఎందరికి తెలుసు? అజంతా గుహలు అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేవి. ఆ గుహల్లోని బౌద్ధ చిత్రాలు రాలిపోతుంటే నిజాం ప్రభుత్వం 1920లలో ఇటలీ నుంచి నిపుణులను రప్పించి వాటిని గోడలకు అతికించి నిలిపే పని చేయించింది. యజ్దానీ ఆ చిత్రాలపై నాలుగు భాగాల బృహద్గ్రంథం వెలువరించారు. పాలంపేట ఆలయాలపై, అంటే నేడు మనం రామప్ప గుడి అని పిలుచుకునే కాకతీయుల నిర్మాణంపై, ఆయన రాసిన గ్రంథం 1922లో అచ్చయింది. 2021లో అదే రామప్ప ఆలయానికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా లభించింది.

ఒక ముస్లిం అధికారి బౌద్ధుల గుహలను, శివాలయాన్ని ఇంత శ్రద్ధగా చూసుకోవడంలో ఆయనకు వింత ఏమీ తోచలేదు. కాపలాదారు తన చేతికి అప్పగించిన సొత్తు ఎవరిదని అడగడు, దాన్ని భద్రంగా తిరిగి అప్పగించడమే చూస్తాడు. అమానత్ అన్న మాటకు అర్థం అదే. నేటి పురావస్తు అధికారుల నుంచి మసీదుల విషయంలోనూ, ఆలయాల విషయంలోనూ, చర్చీల విషయంలోనూ మనం కోరేది ఆ ఒక్క గుణాన్నే. కడప జిల్లా గండికోటలో జామియా మసీదు, మాధవరాయ ఆలయం, రంగనాథ ఆలయం ఒకే కోట గోడల మధ్య ఉన్నాయి. వాటిలో ఒకటి కూలితే మిగిలినవాటి కథ కూడా సగమే మిగులుతుంది.

స్వాతంత్ర్యానంతరం 1958లో కేంద్ర చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చట్టం వచ్చాయి. కేంద్ర చట్టాన్ని 2010లో సవరించి, రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్ల వరకు కొత్త నిర్మాణాలను నిషేధించారు. ఆ తర్వాత మరో రెండు వందల మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి చేశారు. తెలంగాణ 2017లో తన సొంత వారసత్వ చట్టం చేసుకుంది. కాగితం మీద చూస్తే కొరత ఏమీ లేదు. అయినా ఫలితం ఎందుకు ఇలా ఉంది?

మొదటి కారణం, ఒకే ఇంటికి పదిమంది యజమానులు ఉండటం. హైదరాబాద్ నగరాన్నే తీసుకోండి. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్ కేంద్ర పురావస్తు సంస్థ ఆధీనంలో ఉంది. దాని చుట్టూ ఉన్న రోడ్డు నగర పాలక సంస్థది. ఆ రోడ్డు మీద తిరిగే వాహనాల సంగతి ట్రాఫిక్ పోలీసులది. తీగలు విద్యుత్ శాఖవి. కూతవేటు దూరంలోని మక్కా మసీదు నిర్వహణ మైనారిటీ సంక్షేమ శాఖ చూస్తుంది. గోల్కొండ కోట కేంద్రానిది, దానికి దగ్గర్లోని కుతుబ్ షాహీ సమాధులు రాష్ట్రానివి. 2019 మే నెల మొదట్లో చార్మినార్ మీనార్ నుంచి గచ్చు పెళ్ల ఒకటి రాత్రివేళ ఊడి కింద పడింది. అదృష్టవశాత్తు ప్రాణనష్టం జరగలేదు. వాహనాల అదురు, పొగ, వానతేమ వంటివాటిలో ఏది ఎంత హాని చేస్తుందో పురావస్తు నిపుణులు చెప్పగలరు. కానీ వాహనాలను మళ్లించే అధికారం వారికి లేదు. ఆ అధికారం ఉన్నవారికి గచ్చు గురించి తెలియదు. చార్మినార్ చుట్టూ పాదచారుల బాట వేసే పథకం ఏళ్లూ పూళ్లూ ఎందుకు సాగిందో ఇప్పుడు పాఠకులకు బోధపడి ఉంటుంది.

రెండో కారణం, మనుషుల కొరత. 2013లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీ చేసిన 1,655 కేంద్ర రక్షిత కట్టడాల్లో 92 కనిపించడం లేదని తేలింది. దొంగ ఎత్తుకుపోయిన నగ అంటే అర్థం చేసుకోవచ్చు. ఒక కట్టడం కనిపించకుండా పోవడమేమిటి? తర్వాత గాలింపులో కొన్ని దొరికాయి. 2022 డిసెంబర్‌లో పార్లమెంటు సంఘం ముందుకు వచ్చిన లెక్క ప్రకారం 50 కట్టడాలు పోయినట్లే. వాటిలో 14 నగరాల విస్తరణలో కలిసిపోయాయి, 12 జలాశయాల్లో మునిగాయి, 24 ఎక్కడున్నాయో ఆచూకీ లేదు. దేశంలో కేంద్ర రక్షణలో సుమారు 3,690 కట్టడాలు ఉంటే, వాటిలో 248 చోట్ల మాత్రమే కాపలా సిబ్బంది ఉన్నారని కూడా అదే సందర్భంలో బయటపడింది. ఏడు వేల మంది కావలసిన చోట 2,578 మందిని మాత్రమే ఇవ్వగలిగారు. కాపలా లేని తోటలో కాయలు మిగలలేదని ఎవరిని నిందించాలి?

మూడో కారణం అన్నిటికన్నా బాధాకరమైనది. కాపాడవలసిన ప్రభుత్వమే కొన్నిసార్లు పడగొట్టే చేతి వైపు నిలుస్తుంది. హైదరాబాద్‌లో వారసత్వ భవనాల జాబితాకు ఆధారమైన పట్టణాభివృద్ధి నిబంధనను 2015లో ప్రభుత్వం తొలగించింది. 2019లో కొత్త శాసనసభ కోసం ఇర్రం మంజిల్‌ను కూల్చాలని మంత్రివర్గం నిర్ణయించింది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఆ భవనాన్ని అదే ఏడాది సెప్టెంబర్‌లో హైకోర్టు తీర్పు నిలబెట్టింది. మంత్రివర్గ నిర్ణయాన్ని న్యాయస్థానం కొట్టివేసింది. కోర్టుకు వెళ్లినవారు సామాన్య పౌరులు, ఆ నవాబు వంశీకులు. ఒక పురాతన భవనాన్ని దాని సంరక్షకుడి నుంచే రక్షించడానికి పౌరులు కోర్టు గడప తొక్కవలసి రావడం మనం ఆలోచించవలసిన విషయం.

ఇర్రం మంజిల్‌కు దక్కిన అదృష్టం పాత సచివాలయానికి దక్కలేదు. 2020 జూలైలో ఆ ప్రాంగణాన్ని పడగొట్టారు. ఆరో నిజాం కాలం నాటి సైఫాబాద్ ప్యాలెస్ అందులోనే పోయింది. ఆ కూల్చివేతలో ప్రాంగణంలోని రెండు మసీదులు, ఒక ఆలయం కూడా దెబ్బతిన్నాయి. ప్రజల ఆగ్రహం తర్వాత ప్రభుత్వం వాటిని మళ్లీ కట్టించింది, 2023 ఆగస్టులో అవి తెరుచుకున్నాయి. ప్రార్థనలు తిరిగి మొదలయ్యాయి, అది సంతోషించదగ్గ విషయమే. అయితే మసీదును మళ్లీ కట్టవచ్చు గానీ దాని వయసును మళ్లీ కట్టలేం. తరతరాల నమాజీలు తాకిన గోడ పోయాక దాని స్థానంలో వచ్చేది ఎంత అందమైనదైనా నిన్నటి గోడే.

ఇంతవరకు చెప్పింది చదివి ప్రభుత్వ శాఖల వల్ల ఏమీ కాదనే నిరాశకు పాఠకులు లోను కాకూడదు. కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణమే దీనికి సమాధానం. 106 ఎకరాల ఆ స్థలంలో సమాధులు, మసీదులు, దిగుడు బావులు, హమామ్ కలిపి సుమారు వంద కట్టడాలు ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో మొదటి సాలార్ జంగ్ వాటికి మరమ్మతులు చేయించారు. ఆ తర్వాత మళ్లీ శిథిలావస్థ వచ్చింది. 2013లో రాష్ట్ర పురావస్తు శాఖ ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టుతో ఒప్పందం చేసుకుంది. పని పదేళ్లకు పైగా సాగి 2024 జూలైలో పూర్తయింది.

ఆ పని ఎలా జరిగిందో తెలుసుకోవడం అవసరం. ఇరవయ్యో శతాబ్దంలో చేసిన మరమ్మతుల్లో ఆ గోడలకు సిమెంటు పూశారు. సిమెంటు గట్టిదే. కానీ పాత కట్టడానికి అది ఊపిరాడనివ్వని దుప్పటి. గానుగ సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని, ఉప్పు పేరుకుని, గోడ లోపలి నుంచి గుల్లబారుతుంది. అందుకే అక్కడ ముందు సిమెంటును ఒలిచివేశారు. తర్వాత బెల్లం, మారేడు గుజ్జు వంటివి కలిపిన సున్నపు గచ్చును, పాత పద్ధతి తెలిసిన మేస్త్రీల చేత, మళ్లీ వేయించారు. 2013 వర్షాలకు బడీ బావిలో ఒక వైపు గోడ కూలిపోయింది. దాన్ని తిరిగి నిలబెట్టారు, పూడిక తీశారు, బావిలో నీరు నిలిచింది. 2022లో గోల్కొండ దిగుడు బావుల పునరుద్ధరణకు యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది.

ఇందులో మనకు నాలుగు పాఠాలు ఉన్నాయి. ప్రభుత్వం యాజమాన్యం వదులుకోలేదు, నైపుణ్యం మాత్రం బయటి నుంచి తెచ్చుకుంది. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా బిల్లులు పెట్టాలన్న తొందర లేకుండా పదేళ్ల గడువు ఇచ్చింది. తక్కువ ధర కోట్ చేసిన కాంట్రాక్టరును కాక, పని తెలిసిన మేస్త్రీని వెతికింది. ఏ రాయి ఎక్కడుందో ముందుగా కొలిచి, గీసి, నమోదు చేసింది. ఈ చివరిది చాలా ముఖ్యం. అజంతాలో ఇటలీ నిపుణులు సదుద్దేశంతోనే పూసిన లక్క వార్నిష్ తర్వాతి కాలంలో పచ్చబారి చిత్రాలను మసకబార్చింది. ఎవరు ఏం పూశారో రాసిపెట్టి ఉంటేనే తర్వాతి తరం దాన్ని సరిదిద్దగలుగుతుంది.

ఇక మన పాఠకులను ఎక్కువగా కలవరపెట్టే ప్రశ్నకు వద్దాం. పురావస్తు శాఖ చేతికి వెళితే మసీదుకు తాళం పడుతుందేమో అన్న భయం చాలామందిలో ఉంది. ఈ భయానికి ఆధారమే లేదని మేము అనం. కానీ చట్టం చెప్పేది కూడా తెలుసుకోవాలి. 1958 చట్టం సంప్రదాయంగా సాగుతున్న మతాచారాలకు భంగం కలగకూడదని చెబుతోంది. కేంద్రం నిర్వహించే రక్షిత ప్రార్థనాలయాన్ని దాని స్వభావానికి విరుద్ధమైన పనులకు వాడకూడదని కూడా చెబుతోంది. 2025 వక్ఫ్ సవరణ చట్టం మరో ప్రశ్నను ముందుకు తెచ్చింది. ప్రకటన నాటికే రక్షిత కట్టడంగా ఉన్న ఆస్తిని వక్ఫ్‌గా ప్రకటిస్తే ఆ ప్రకటన చెల్లదని అందులో ఉంది. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల్లో ఈ నిబంధనను నిలుపుదల చేయలేదు. రక్షిత కట్టడాల్లో ఆచారంగా వస్తున్న మతపరమైన కార్యాలు సాగించుకునే వీలు 1958 చట్టంలో ఉందన్న సంగతిని మాత్రం గుర్తుచేసింది. యాజమాన్య వివాదాలను న్యాయస్థానాలే తేల్చాలి. ఈలోగా వివాదంలో ఉందన్న సాకుతో ఏ శాఖ కూడా పైకప్పు కారుతున్న మసీదును అలాగే వదిలేయడానికి వీల్లేదని మాత్రం మేము గట్టిగా చెప్పదలిచాం. వాన ఎవరి పేరిట పట్టా ఉందని చూసి కురవదు.

అదే నోటితో కొన్ని నిర్వాహక కమిటీలకు కూడా ఒక మాట చెప్పాలి. పాత మసీదుకు సేవ చేస్తున్నామన్న ఉద్దేశంతో చెక్కడాల మీద ఆయిల్ పెయింట్ వేయడం, సున్నపు గోడలకు టైల్స్ అతికించడం, ఏసీ కోసం కమాను పక్కనే రంధ్రం కొట్టడం, వుజూ నీళ్లు పునాదిలోకి దిగేలా కొళాయిలు పెట్టడం చాలాచోట్ల చూస్తున్నాం. నియ్యత్ మంచిదే కావచ్చు. కానీ సున్నం గోడకు సిమెంటు చేసే కీడును నియ్యత్ ఆపలేదు. అలాగే పాత ఖబరస్తాన్‌ల సరిహద్దుల్లో దుకాణాలు లేస్తున్నప్పుడు మౌనంగా ఉండి, తర్వాత ప్రభుత్వాన్ని మాత్రమే దూషించడం న్యాయం కాదు.

ఇందులో పేదవాడి మాట కూడా ఉంది. గోల్కొండ కోట ప్రాకారాల లోపల తరతరాలుగా కుటుంబాలు నివసిస్తున్నాయి. వంద మీటర్ల నిషేధం అంటే వారికి ఒక గది వేసుకోవడం కూడా కష్టమే. చట్టంలో మరమ్మతులకు అనుమతి తీసుకునే మార్గం ఉంది. ఆ అనుమతి కోసం రోజుకూలీ మనిషి కార్యాలయాల చుట్టూ ఎన్ని రోజుల కూలి పోగొట్టుకోవాలి? పక్కన పలుకుబడి ఉన్నవాడి మేడ లేస్తుంటే కళ్లు మూసుకుని, పేదవాడి రేకుల కప్పు దగ్గర మాత్రం చట్టం గుర్తుకు వస్తే, ఆ బస్తీకి కట్టడం శత్రువుగా కనిపిస్తుంది. చుట్టూ ఉన్న జనం ప్రేమించని కట్టడాన్ని ఏ కాపలాదారూ కాపాడలేడు.

కనుక ప్రభుత్వ శాఖలను మేము కోరేది ఇది. ప్రతి రక్షిత కట్టడానికీ సర్వే నంబరు, సరిహద్దు పటం, ప్రస్తుత పరిస్థితి తెలిపే వివరాలను ఆ కట్టడం దగ్గరే, తెలుగులోనూ ఉర్దూలోనూ, ప్రజలకు కనిపించేలా పెట్టాలి. ఏటా ఒకసారి దాన్ని సరిచూడాలి. ఖాళీ పోస్టులు నింపాలి. గచ్చు పని, రాతి పని తెలిసిన మేస్త్రీల దగ్గర యువకులకు శిక్షణ ఇప్పించాలి. ఆ నైపుణ్యం పాతబస్తీ కుర్రవాళ్లకు అన్నం కూడా పెడుతుంది. పురావస్తు శాఖ, నగర పాలక సంస్థ, పోలీసు, వక్ఫ్ బోర్డు, స్థానిక కమిటీ కలిసి కూర్చునే ఏర్పాటు ప్రతి ముఖ్య కట్టడానికీ ఉండాలి. నివాసుల మరమ్మతు దరఖాస్తులకు గడువులోగా జవాబు రావాలి. వారసత్వ భవనాన్ని పడగొట్టాలన్న ఆలోచన ప్రభుత్వానికే వస్తే, ముందుగా ప్రజల అభిప్రాయం, నిపుణుల అభిప్రాయం బహిరంగంగా తీసుకోవాలి.

మన వైపు నుంచి చేయగలిగినవి కూడా తక్కువేమీ కాదు. మీ ఊళ్లోని పాత మసీదు, దర్గా, బావి, కోటగోడ ఏ శాఖ జాబితాలో ఉందో తెలుసుకోండి. తెలియకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాయండి. శాసనాలు ఉంటే వాటి ఫొటోలు తీసి భద్రపరచండి. ఫార్సీ, అరబ్బీ చదవగలిగిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారు ఉండగానే వాటి అర్థం తెలుగులో రాయించుకోండి. రంగు వేసే ముందు, గోడ తవ్వే ముందు, శాఖ ఇంజనీరును పిలిచి అడగండి. సెలవుల్లో పిల్లలను సినిమా హాలుకు తీసుకువెళ్లినట్లే ఒకసారి గండికోటకో, రామప్పకో, కుతుబ్ షాహీ సమాధులకో తీసుకువెళ్లండి. రాతి మీద పేరు చెక్కకూడదని అక్కడే చెప్పండి.

గతించిన జాతుల ఆనవాళ్లను భూమిలో తిరిగి చూడమని, వాటి నుంచి గుణపాఠం తీసుకోమని దివ్య ఖుర్‌ఆన్ పదేపదే ప్రబోధిస్తుంది. ఆ ఆనవాళ్లే లేకుండా పోతే రేపటి తరం ఏం చూసి నేర్చుకుంటుంది? గుంబద్ కట్టించిన సుల్తాను పోయాడు, రాయి మోసిన కూలీ పోయాడు, ఇద్దరి పనీ మన చేతికి వచ్చింది. ప్రభుత్వ శాఖ దానికి కాపలాదారు. ఆ కాపలాదారు నిద్రపోతే లేపడం, మేలుకుని ఉంటే తోడు నిలవడం మన పని. ఈ రెండూ చేసిన నాడే ఆ నీలిరంగు బోర్డు మీది మాటలకు విలువ వస్తుంది.